ఉత్తరపు గది

ప్రొద్దున పూట శివారు పేట ఫ్లాట్ బుష్‌లోని కార్లన్నీ మోటర్‌వే ఎక్కి ఆక్లాండ్ సిటీ వైపు బారులు తీరి పోతుంటే, వాటికి ఎదురుగా, ఖాళీ దారిలో ఒక్కడే ఇంటికి వచ్చేవాడు రవిచంద్ర. అవతలి వరుసల్లో నత్తనడక నడిచే కార్లలోని మొహాలు అతనికి స్పష్టంగా కనిపించేవి. టై సర్దుకునేవాళ్ళు, పెదవులకు రంగు వేసుకునేవాళ్ళు, వెనక సీట్లో పిల్లవాడి మీద కేకలేసేవాళ్ళు. లోకంతో పాటు నడిచేవాడికి తిట్టుకోవడానికైనా తోడుంటుంది. ఎదురు నడిచేవాడికి దారి ఖాళీగా దొరుకుతుంది గాని పలకరించేవాడు దొరకడు. దీపస్తంభం కాసేవాళ్ళూ, రైల్వే గేటు వేసేవాళ్ళూ, ఆసుపత్రి నర్సులూ, ఊరు పడుకుంటే ఊరి కోసం మేలుకునే జాతి ఒకటి అన్ని దేశాల్లోనూ ఉంది. వాళ్ళకు కులం లేదు, భాష లేదు. కళ్ళ కింద నలుపే గుర్తు.

రవిచంద్ర మేలుకునేది కంప్యూటర్ల కోసం. ఏవో కంపెనీల సర్వర్లు రాత్రిపూట ఆగిపోకుండా, సిటీలో ఒక గాజు మేడలో తెరల ముందు కూర్చుని కాపలా కాయడం అతని ఉద్యోగం. కడప జిల్లా ప్రొద్దుటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, సాయంత్రాలు డెయిరీలో, అంటే పాలూ బ్రెడ్డూ సిగరెట్లూ అమ్మే వీధి చివరి కొట్లో, గల్లా దగ్గర నిలబడి, ఆ తర్వాత ఈ పనిలో కుదురుకున్నాడు. నలభై దాటాయి. పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. దాని గురించి అతను చెప్పడు గనుక మనమూ అడగవద్దు. కలిసి ఫ్లాట్‌లో ఉన్న స్నేహితులు ఒక్కొక్కరే ఆస్ట్రేలియా దాటుకున్నారు. ఆఖరున మనీష్ కూడా బ్రిస్బేన్ వెళ్ళిపోయాక, అంత ఇంట్లో ఒక్కడూ ఉండలేక చిన్న ఇల్లు వెతుక్కున్నాడు.

ఆ చిన్న ఇల్లు జనార్ధనరావుది. ఆయన తెనాలి వైపు మనిషి, ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళ దగ్గరకు వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం చేసి రిటైరై, తాము ఉండే ఇల్లు కాక ఇంకో వీధిలో ఈ టౌన్‌హౌస్ కొన్నాడు. గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్ళలో ఒకటి. కింద హాలూ వంటిల్లూ, పైన ఒకే ఒక్క పడకగది. ఇల్లు చూపిస్తున్న రోజున ఆయన మెట్లెక్కి, గది మధ్యలో నిలబడి, చెయ్యి చాపి అన్నాడు:

"ఉత్తరం గదయ్యా. కుబేరస్థానం. ఇంకేం కావాలి?"

రవిచంద్రకు కుబేరుడి మీద పెద్ద ఆశ లేదు. ఉత్తరం అన్న మాట వినగానే అతనికి గుర్తొచ్చింది ప్రొద్దుటూరులో వాళ్ళున్న అద్దె ఇంటి ఉత్తరపు కొట్టు. నీళ్ళ కుండ అక్కడే పెట్టేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగుల మీద కుక్కలు నాలుకలు చాపి పడుంటే, ఆ కొట్టులో మాత్రం గోడకు చెంప ఆనిస్తే చల్లగా ఉండేది. పగలు పడుకునేవాడికి ఉత్తరపు గదిని మించినదేముంది? ఆ పూటే సరేనన్నాడు.

మనిషి సముద్రాలు దాటినంత తేలిగ్గా అతని దిక్కులు దాటవు. భూమధ్యరేఖకు ఇవతల సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో నడుస్తాడు. ఈ సంగతి భూగోళం పుస్తకంలో చదవనివాడు లేడు. రవిచంద్ర అయితే పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అయినా ఇల్లు చూడబోయిన రోజున చదువు జేబులో ఉండిపోయి, కుండ పెట్టిన కొట్టు మాట్లాడింది. జనార్ధనరావు కూడా అంతే. ముప్పై ఏళ్ళుగా ఉత్తరపు సూర్యుడి కింద కారు తోలుతూ, వాస్తు మాత్రం గుంటూరు జిల్లాదే వాడుతున్నాడు. ఇక్కడి వాళ్ళు ఇంటి ప్రకటనలో 'ఉత్తరముఖం' అని గొప్పగా వేసుకుంటే, అందులో వెచ్చగా ఉంటుందని అర్థం. చలికి భయపడి కట్టిన దేశం ఇది. గోడల్లో దూది లాంటి పీచు కూరుతారు, కిటికీలకు రెండేసి అద్దాలు బిగిస్తారు. లోపలికి వచ్చిన వేడి అల్లుడిలాగా మళ్ళీ కదలదు.

చలికాలమంతా ఆ గది బ్రహ్మాండంగా ఉంది. డిసెంబరులో ఇక్కడి ఎండాకాలం మొదలయ్యేసరికి అసలు రూపం చూపించింది. షిఫ్టు ముగించుకుని వచ్చి, నల్ల కర్టెన్లు లాగి పడుకుంటే, ఎండ పైకెక్కే కొద్దీ గది పొయ్యి మీద గిన్నెలా వేడెక్కేది. పక్క తడిసేది. కిటికీ తెరిస్తే ఎదురుగా కడుతున్న కొత్త ఇళ్ళలో మేకులు కొట్టే మిషన్ల చప్పుడు. మూస్తే ఊపిరాడదు. ఫ్యాను పెడితే ఉన్న వేడినే తెచ్చి మొహాన కొట్టేది. నిద్ర అతనికి ముక్కలు ముక్కలుగా, ముష్టి వేసినట్టు వచ్చేది.

ఒకనాటి ఉదయం ఇంటికి వస్తూ మోటర్‌వే మీద కళ్ళు మూతపడ్డాయి. రోడ్డు అంచున గరుకు గీత మీద చక్రాలు ఎక్కి కారంతా గడగడలాడితే మెలకువ వచ్చింది. పక్కకు తీసి ఆపాడు. అవతలి వరుసల్లో కార్లు ఎప్పట్లాగే బారులు తీరి పోతున్నాయి. ఒక చిన్నపిల్ల వెనక అద్దంలోంచి అతని వైపు చెయ్యి ఊపింది. ఇంటికి చేరాక ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచక, పళ్ళు తోముకుని పడుకున్నాడు.

మనీష్ అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "ఇంగా ఆడేం జేస్తావురా రవీ? బ్రిస్బేన్ రా. ఈడ ఏసీ లేని ఇల్లే ఉండదు" అనేవాడు. వెళ్ళిపోవచ్చు. కానీ రవిచంద్రకు ఈ ఊళ్ళో ఒక వేరు ఉంది. నెలలో ఏదో ఒక ఆదివారం జనార్ధనరావు భార్య సుశీలమ్మ ఫోన్ చేసి, "బాబూ, భోజనానికి రా, గుత్తివంకాయ చేశాను" అనేది. అతని పేరు పిలిచి అన్నం పెట్టే ఇల్లు ఆ దేశంలో అదొక్కటే. ఆ ఇల్లే ఇంటి ఓనరుది కావడంతో వచ్చింది చిక్కు. ఏసీ అడిగితే సంబంధం చెడుతుందేమో. అడక్కపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెంటి మధ్య అతను ఎండాకాలం సగం గడిపేశాడు.

అడిగే అవకాశం ఒకసారి తనంతట తనే మెట్లెక్కి వచ్చింది.

ఇక్కడ అద్దె ఇళ్ళను ఓనర్లు కొన్ని నెలలకొకసారి వచ్చి చూసిపోతారు, గోడలు చెడ్డాయా, పొగ కనిపెట్టే గంట పనిచేస్తోందా అని. ఆ పని జనార్ధనరావు కూతురు స్పందన చూసేది. ఇక్కడే పుట్టిన పిల్ల, పాతికేళ్ళుంటాయి. తెలుగు బాగానే అర్థమవుతుంది, పలికేటప్పుడు సగం ఇంగ్లీషు దొర్లుతుంది. మధ్యాహ్నం వేళ తలుపు కొడితే రవిచంద్ర దిండు మడతలు చెంప మీద పడిన మొహంతో కిందికి వచ్చాడు. ఆమె పైకెళ్ళి పడకగది గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓ మై గాడ్, రవి అంకుల్. ఇది ఓవెన్. ఇందులో ఎలా పడుకుంటారు?"

"ఏదో, అట్ల పడుకుంటా ఉండా."

"ఇక్కడ హీట్ పంప్ పెట్టిద్దామా? డాడ్‌తో చెప్పనా?"

ఏసీని ఈ దేశంలో హీట్ పంప్ అంటారు. వేసవిలో చల్లగాలి ఇచ్చేదీ అదే అయినా, పేరు మాత్రం చలికాలపు కొలువుకే పెట్టారు. ఆ మాట వినగానే రవిచంద్ర గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"అబ్బే, ఎందుకులేమ్మా. ఏం పర్వాలేదు. నాకలవాటే."

"ష్యూర్?"

"ఆఁ, ష్యూర్."

"ఓకే," అని ఫోన్‌లో ఏదో నొక్కుకుని, పొగ గంట పరీక్షించి, "టేక్ కేర్ అంకుల్," అంటూ ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మన వైపు ఒక పద్ధతి ఉంది. ఇంటికి వచ్చినవాణ్ణి భోంచెయ్యమంటే, కడుపు మాడుతున్నా మొదట వద్దంటాడు. ఆ వద్దు పెట్టేవాళ్ళ మర్యాద కోసం. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంటాడు. అది తినేవాడి మర్యాద కోసం. మూడోసారి అడిగేలోపు విస్తరి పడుతుంది, అప్పుడు "కొంచెమే, కొంచెమే" అంటూ కూర్చుంటాడు. ఇందులో అబద్ధం లేదు, మోసం లేదు. తక్కెట్లో రెండు పళ్ళాలూ సమం అయ్యేదాకా ఆగడం, అంతే. లోకంలో ఒక్కో చోట ఒక్కో తూకం. కొన్ని ఎడారి సీమల్లో ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి చూపిస్తే తప్ప కాఫీ పోయడం ఆపరు. తెలియని బాటసారి మర్యాదకు పోయి తాగీ తాగీ తెల్లవారేదాకా కళ్ళు తెరుచుకుని కూర్చోవాల్సిందే. ఇంకొన్ని చోట్ల ఒక్కసారి వద్దంటే పళ్ళెం తీసుకెళ్ళిపోతారు, అదీ మర్యాదే, నీ మాటకు విలువిచ్చామని.

రవిచంద్ర రెండో అడగడం కోసం ఎదురు చూశాడు. పిల్ల తండ్రితో చెబుతుంది, ఆయన ఫోన్ చేసి "ఏమయ్యా, గది వేడిగా ఉందటగా, పెట్టించమంటావా" అంటాడు, తను "మీకెందుకు సార్ శ్రమ" అంటాడు, ఆయన "శ్రమేముందయ్యా" అంటాడు. ఈ సంభాషణంతా పక్క మీద పొర్లుతూ అతను మనసులో చాలాసార్లు జరిపించాడు. ఫోను మాత్రం రాలేదు. ఓవెన్ అని తన నోటితో తనే అన్న పిల్ల ఇంత నిర్దయగా ఎలా ఊరుకుందో అతనికి అర్థం కాలేదు.

తర్వాత వచ్చిన ఫోను సుశీలమ్మది, భోజనానికి. ఆ ఆదివారం నడుస్తూ వెళ్ళాడు. దారి పొడుగునా ఏమనాలో నెమరు వేసుకున్నాడు. లోపల అడుగుపెడితే హాలు వెన్నెల్లా చల్లగా ఉంది. గోడ మీద తెల్లటి మిషను చప్పుడు లేకుండా గాలి వదులుతోంది. జనార్ధనరావు బల్ల దగ్గర కూర్చుని అప్పడం విరుస్తున్నాడు. స్పందన పళ్ళాలు సర్దుతోంది.

పప్పు కలుపుకుంటూ రవిచంద్ర మొదలుపెట్టాడు. "ఎండలు బాగా ముదిరినాయి సార్ ఈసారి."

"ఏం ఎండలయ్యా? ఇరవై ఎనిమిదికే ఎండలంటే ఎట్లా? నీది ప్రొద్దుటూరు కదూ. మీ ఊళ్ళో మే నెలలో కాకులు తీగల మీంచి రాలిపడతాయట. అక్కడ పుట్టినవాడికి ఆక్లాండ్‌లో ఎండా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"అక్కడ ఎండ బయట ఉంటాది సార్. ఇక్కడ ఇంట్లో ఉంటాది."

సుశీలమ్మ గరిటె పట్టుకుని నవ్వింది. "బాగా అన్నాడు. మనింట్లోనూ అంతేగా. అందుకేగా మీరు పైన ఒకటీ కింద ఒకటీ పెట్టించుకున్నారు."

"నీ మోకాళ్ళ కోసం పెట్టించానే అవి."

"నా మోకాళ్ళకు చల్లగాలి ఎందుకండీ? డాక్టరు కాపడం పెట్టుకోమన్నాడు."

జనార్ధనరావు ఆ మాట వినపడనట్టు రవిచంద్ర వైపు తిరిగాడు. "కింద హాల్లో హీట్ పంప్ ఉందిగా నీకు. కింద పడుకో. సోఫా కూడా ఉంది."

"పడుకుని చూస్తి సార్. అద్దాల తలుపులు, కళ్ళల్లో దీపం పెట్టినట్లుంటాది. అదీగాక పార్సిలోళ్ళు. చుట్టుపక్కల అందరి సామాన్లూ నన్నే లేపి నా చేతికిచ్చి పోతారు. పగలు ఇంట్లో ఉండేది నేనొక్కన్నే అని తెలిసిపాయ వాళ్ళకు. నిన్న ఎవరిదో, పిల్లకాయలు ఎగిరి దూకే ట్రాంపొలిన్ ఇచ్చిరి."

స్పందన కిసుక్కున నవ్వింది. జనార్ధనరావు నవ్వలేదు. "మేం వచ్చిన కొత్తలో ఈ దేశంలో ఏసీ అన్న మాటే వినలేదయ్యా. తడిగుడ్డ కిటికీకి కట్టుకుని..."

"మొదలుపెట్టారు," అంది సుశీలమ్మ.

"అది కాదే. హాల్లో హీటర్ ఉండాలని చట్టం. ఉంది. చలికి చట్టం ఉంది గాని చల్లదనానికి లేదు. పైగా బయట మిషను బిగించాలంటే ఆ వరుస ఇళ్ళవాళ్ళ కమిటీ ఒప్పుకోవాలి." ఆయన అప్పడం ముక్క నోట్లో వేసుకుని, గుర్తొచ్చినట్టు అన్నాడు. "అయినా, స్పందన నిన్ను అడిగిందిగా. నువ్వే వద్దన్నావట."

రవిచంద్ర చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. స్పందన వైపు చూశాడు. "అదేమ్మా... మొదట వద్దంటాం గదా. మళ్ళీ అడుగుతావులే అనుకుంటి."

"మళ్ళీ ఎందుకు అడుగుతాను అంకుల్?" ఆ పిల్ల గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మీరు నో అన్నారు. ష్యూర్ అని కూడా అన్నారు. మళ్ళీ అడిగితే, మీ మాట నమ్మనట్టు కదా? రూడ్‌గా ఉండదూ?"

ఈ కోణం రవిచంద్రకు ఎన్నడూ తట్టలేదు.

"వద్దంటే వద్దనే ఈ దేశంలో," అన్నాడు జనార్ధనరావు. "అదే ఇక్కడి మంచి పద్ధతి. మన మొహమాటాలు ఇక్కడ చెల్లవయ్యా."

"అవునవును," అంది సుశీలమ్మ, చారు గిన్నె బల్ల మీద పెడుతూ. "పెళ్ళిచూపులకు మా ఇంటికొచ్చి వద్దు వద్దంటూనే పళ్ళెంలో గారెలన్నీ తిన్నదెవరో మరి. మా నాన్న ఇంకోసారి అడగడం మర్చిపోతే అలిగి, కాఫీ కూడా ముట్టలేదు ఈయన."

"నిజమా డాడ్?" అంది స్పందన.

జనార్ధనరావు చెవులు ఎర్రబడ్డాయి. కూతురు వచ్చి 'వద్దన్నాడు' అని చెప్పిన రోజున ఆ వద్దుకు అర్థం ఏమిటో ఆయనకు తెలుసు. చాలా కాలం పరదేశంలో ఉన్నవాడి దగ్గర రెండు న్యాయాలుంటాయి. పుట్టిన చోటిది ఒకటి, చేరిన చోటిది ఒకటి. ఏ పూటకు ఏది కలిసొస్తే ఆ పూటకు అది బయటికి తీస్తాడు. ఇది ఆయన ఒక్కడి తప్పూ కాదు. రెండు గొడుగులున్నవాడు గాలిని బట్టే తీస్తాడు.

స్పందన కుర్చీ లాక్కుని రవిచంద్రకు ఎదురుగా కూర్చుంది. "ఓకే. రవి అంకుల్, ఇప్పుడు అడుగుతున్నా. ఒక్కసారే అడుగుతా. పైన గదిలో హీట్ పంప్ కావాలా, వద్దా?"

చిన్న ప్రశ్న. కావాలి అన్న మాట ఒకరి మొహం చూసి చెప్పిన జ్ఞాపకం రవిచంద్రకు లేదు. ఉద్యోగం దగ్గర 'చూడండి సార్' అన్నాడు. సంబంధం చూసినప్పుడు 'మీ ఇష్టం' అన్నాడు, ఆమె వెళ్ళిపోతానన్నప్పుడూ అదే మాట అన్నాడు. మనీష్ సూట్‌కేసు సర్దుకుంటుంటే జిప్పు వెయ్యడానికి మూత మీద కూర్చుని సాయం చేశాడు. నీళ్ళు తాగాడు.

"కావాలమ్మా," అన్నాడు. తర్వాత కంచంలోకి చూస్తూ, "మొన్నామధ్య మోటర్‌వే మీద నిద్రపోతి. కారు పక్కకు పోయింది. ఎవరికీ ఏం కాలేదు."

సుశీలమ్మ చేతిలో గరిటె చారు గిన్నె మీద అలాగే ఉండిపోయింది. జనార్ధనరావు తన కంచం అంచును వేలితో రుద్దాడు.

"ఆ సంగతి నాకు చెప్పొద్దుటయ్యా?" అన్నాడు చివరికి. అది కోపమో నొచ్చుకోవడమో తెలియలేదు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నెయ్యి వెయ్యవే అబ్బాయికి. వట్టి చారు పోసి చూస్తావేం?"

కమిటీ అనుమతి స్పందన తెచ్చింది. పనివాళ్ళు వచ్చి గోడకు కన్నం వేసి, పైన తెల్ల మిషను, బయట గోడకు దాని జంట మిషను బిగించి పోయారు. ఆ రోజు రవిచంద్ర కర్టెన్లు లాగి, కిటికీ బిగించి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఫిబ్రవరి నడిమధ్యాహ్నం దుప్పటి. మేకుల మిషన్లు ఎక్కడో దూరాన టకటకమంటున్నాయి. సాయంత్రం లేచేసరికి ఒళ్ళు వేరే ఎవరిదో అన్నట్టు తేలిగ్గా ఉంది. ఇల్లు నిలిచింది, ఉద్యోగం నిలిచింది. బ్రిస్బేన్ ఊసు మనసులోంచి జారిపోయింది.

నిలవనిది ఆదివారం. ఆ వారం ఫోను రాలేదు. పైవారమూ రాలేదు. నెలలో ఒకసారే కదా పిలిచేది, తొందరేముంది అనుకున్నాడు. నెల కూడా దాటింది. తనే ఫోన్ చేసి బాగున్నారా అని అడగొచ్చు. అడిగితే భోజనం కోసం అడిగినట్టుంటుంది. అడిగి ఏసీ పెట్టించుకున్నవాడు మళ్ళీ అడిగి అన్నం కూడా పెట్టించుకోవాలా? ఆ రోజు బల్ల దగ్గర జనార్ధనరావు మొహం గుర్తుకు తెచ్చుకుని, చెడిందని తీర్మానించుకున్నాడు. హాయిగా నిద్రపోతున్నాడు, లేస్తున్నాడు, తింటున్నాడు, పోతున్నాడు. రోజుల తరబడి అతను తెలుగు మాట్లాడింది మనీష్‌తోనే, అదీ వాడికి తీరికైనప్పుడు.

మార్చి చివర్లో, ఎండ ఇంకా పోని ఒక మధ్యాహ్నం, తలుపు చప్పుడైంది. పార్సిలే అనుకుని దిగి వచ్చాడు. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని జనార్ధనరావు నిలబడి ఉన్నాడు.

"పడుకున్నావా? నిద్ర చెడగొట్టానా?"

"లేదు సార్. రండి."

"మిషను ఎట్లా పనిచేస్తోందో చూసిపోదామని. నీళ్ళేమన్నా కారుతున్నాయా?"

"కారడం ల్యా సార్."

ఆయన మెట్లు మెల్లగా ఎక్కాడు. రవిచంద్ర వెనకాలే వంటింట్లోంచి ఒక కుర్చీ మోసుకొచ్చాడు. గదిలో ఉన్నది మంచం ఒక్కటే. ఆయన కుర్చీలో కూర్చుని, మిషను వైపు తలెత్తి, చెయ్యి చాపి గాలి చూశాడు.

"ఆంటీ బాగున్నారా సార్?"

"వెల్లింగ్టన్‌లో ఉంది. స్పందనకు అక్కడ ఉద్యోగం వచ్చిందిగా, చెప్పలేదూ? దాన్ని అక్కడ కుదిర్చి వస్తానని పోయి, నెలన్నరైంది. ఇదిగో అదిగో అంటోంది."

"మరి మీ భోజనం?"

"టోస్టు ఉందిగా," అన్నాడాయన, అదేదో మంచి ఏర్పాటన్నట్టు. "పొద్దున టోస్టు. రాత్రి టోస్టు. మధ్యాహ్నం ఒక్కోసారి పెరుగన్నం వండుతా. ఇట్లా రమ్మని నిన్ను పిలుద్దామనుకున్నా గాని, టోస్టు పెట్టి భోజనం అంటే బాగుండదుగా."

కోపం కాదన్నమాట. ఇన్ని వారాలు తను మోసింది ఖాళీ మూట. రవిచంద్ర మంచం అంచున కూర్చుని తల ఊపాడు. ఏమన్నా అనాలి. 'నేనొచ్చి వండుతా సార్' అనవచ్చు. గోంగూర పప్పు అతను బాగానే చేస్తాడు. ఆ మాటను నోటి దాకా తెచ్చుకునేలోపు జనార్ధనరావు వేరే దారి పట్టాడు. తెనాలిలో వాళ్ళ నాన్న కొన్న టేబుల్ ఫ్యాను కథ. దాన్ని గుండ్రంగా తిరగనివ్వకుండా అన్నదమ్ములు ఎవరి వైపు వాళ్ళు తాడు కట్టి లాగేవాళ్ళట. ఆ కథ మధ్యలో వాక్యాలు పొడుగయ్యాయి, మాటల మధ్య ఎడం పెరిగింది. తాడు తెగిందో ఫ్యాను పడిందో తేలకముందే గడ్డం గుండెకు ఆనింది. పెద్దాయన నిద్రపోయాడు.

టోపీ ఒళ్ళోంచి జారి కింద పడింది. రవిచంద్ర దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. లేపడానికి మనసొప్పలేదు. రాత్రి షిఫ్టు ఉంది, తనూ పడుకోవాలి. మెల్లగా మంచం మీద ఒరిగాడు. సన్నగా, ఈల కలిసినట్టు గురక మొదలైంది. పూర్వం సిటీలో, ఒకే గదిలో అందరూ చాపల మీద పడుకున్న రోజుల్లో మనీష్ గురక పెడితే తలగడలు విసిరేవాళ్ళు. అప్పట్లో ఆ గురక పడక చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాడు తను. ఇప్పుడు నిద్రపోతే ఇది వినపడకుండా పోతుందని, కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు. కుర్చీ కాలు ఒకటి కిర్రుమన్నప్పుడల్లా, ఆయన లేచాడేమోనని ఊపిరి బిగబట్టాడు.

ఎండ కర్టెను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నడిచింది. జనార్ధనరావు ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. ఎక్కడున్నాడో తెలిసేసరికి కళ్ళద్దాలు సర్దుకుని గంభీరంగా అన్నాడు:

"కళ్ళు మూసుకుని వింటున్నా. శబ్దం వస్తుందేమోనని."

"వచ్చిందా సార్?"

"అబ్బే. శబ్దమే లేదు. మంచి మిషను."

ఆయన మెట్లు దిగుతుంటే రవిచంద్ర ముందు నడిచాడు, పడితే పట్టుకోవడానికి వీలుగా. గుమ్మంలో ఆయన టోపీ పెట్టుకున్నాడు. తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పాపం నీ నిద్ర పాడుచేశాను."

"పర్వాలేదు సార్."

"రాత్రి డ్యూటీ ఉందేమో."

"ఉంది సార్."

"జాగ్రత్తగా తోలు."

"సరే సార్."

ఆయన గుమ్మం దిగాడు గాని వెంటనే కదల్లేదు. వీధి వైపు చూస్తూ, కారు తాళాలు చేతిలో ఆడించుకుంటూ, కాసేపు నిలబడ్డాడు. రవిచంద్ర తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రేపు కూడా రండి అన్న మాట నాలుక మీదే ఉంది. వంట మాటా ఉంది. ఏసీ కావాలా అని ఆ రోజు ఒకరు అడిగారు గనుక కావాలన్నాడు. ఇప్పుడు అడగడానికి స్పందన ఊళ్ళో లేదు.

"మరి వస్తానయ్యా," అన్నాడు జనార్ధనరావు.

"మంచిది సార్."

కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసి పైకి వచ్చాడు. కుర్చీ కిందికి తీసుకుపోదామని వీపు మీద చెయ్యి వేసి, తర్వాత చూద్దాంలే అని వదిలేశాడు. షిఫ్టుకు ఇంకా టైముంది. గది హాయిగా ఉంది. దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగాడు, కాసేపటికి నిద్ర పట్టింది.